అన్ని సాఫ్ట్‌వేర్లకూ ఒకే కాన్ఫిగ్ ఫైలు కుదురుతుందా? ఈ నెల ఉత్తరాలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో జాస్తి లినక్స్ సెట్టింగుల గోలే వచ్చింది, కడప పిల్లోళ్లు ఒక రకంగా అడిగితే కర్నూలు మేడమ్ ఇంకో రకంగా అడిగినారు, అటు తిప్పి ఇటు తిప్పి అందరిదీ ఒకటే కడుపుమంట. అందుకని ఫోన్ బ్యాటరీలు, ప్రింటర్ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకు తోసేసినా, కోప్పడొద్దండప్పా.

ప్రశ్న: అన్నా, మేం నలుగురం ఫైనలియర్ ప్రాజెక్టుకి లినక్స్‌లో ఉండే అన్ని సాఫ్ట్‌వేర్లకూ కలిపి ఒకే కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) సిస్టమ్ డిజైన్ చేద్దామనుకుంటున్నాం. వెబ్ సర్వర్ ఇంజినెక్స్‌ది ఒక సింటాక్స్ (రాసే పద్ధతి), దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌ది ఒకటి, టైముకు పనులు నడిపే క్రాన్‌ది ఇంకొకటి, ప్రతిదానికీ కొత్తగా నేర్చుకోవాల్సొస్తాంది. అన్నీ ఒక డేటాబేస్‌లో పెట్టి ఒక ఏపీఐ (ప్రోగ్రాములు వాడుకునే దారి) ఇస్తే పోతుంది కదా? ఫైలు రాసే ఫార్మాట్లలో జేసన్ వాడాలా ఎక్స్‌ఎంఎల్ వాడాలా అని మాలో మాకే గొడవ. ఇంతకుముందు ఎవరైనా చేసినారేమో చూసుకొని రండి అని మా గైడ్ సార్ అన్నారు. చేసినారా అన్నా? (ఇంజినీరింగ్ విద్యార్థి, కడప)

జవాబు: చేసినారు తమ్ముడూ, ఒకరు కాదు చానామంది చేసినారు, కొన్ని ఇప్పటికీ నడుస్తాండాయి కూడా. కానీ మీరనుకున్న రూపంలో, అంటే ఉన్న లినక్స్ సాఫ్ట్‌వేర్ అంతా వచ్చి ఒకే డేటాబేస్‌లో సెట్టింగులు రాసుకునే రూపంలో, ఒక్కటీ నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో పట్టుకుంటే మీ ప్రాజెక్టు సగం అయిపోయినట్టే. జేసనా ఎక్స్‌ఎంఎలా అనే గొడవ అప్పటిదాకా పక్కన పెట్టండి, దీంట్లో అన్నిటికంటే చిన్న విషయం అదే.

మీ చిరాకులో న్యాయం ఉంది, అది ముందే ఒప్పుకుంటా. సెట్టింగుల ఫైళ్లుండే స్లాష్ ఈటీసీ ఫోల్డర్ తెరిచి చూస్తే పాస్‌వర్డ్ ఫైల్లో లైనుకు ఏడు గడులు, మధ్యలో కోలన్లు. డిస్కుల పట్టిక ఎఫ్‌స్టాబ్‌లో ఆరు గడులు, మధ్యలో ఖాళీలు, మరి ఫోల్డర్ పేరులోనే ఖాళీ ఉంటే గతేంది అంటే అక్కడ బ్యాక్‌స్లాష్ 040 అని రాయాల. క్రాన్‌ట్యాబ్‌లో పర్సెంట్ గుర్తు పెడితే అది కొత్త లైను అయిపోతాది, బ్యాకప్ ఫైలు పేరులో తేదీ పెట్టాలని చూసినోళ్లు చానామంది ఇక్కడ బోల్తా పడుంటారు. ప్రోగ్రాములు కట్టే మేక్ టూల్ చదివే మేక్‌ఫైల్లో ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేసులు కొడితే పని చేయదు, అది స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో పెట్టిన పద్ధతి, మారుద్దామనుకునేసరికి అప్పటికే డజను మంది వాడుతుండారని, తెలిసినోళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకులే అని వదిలేసినాడంట. ఆ డజను మంది మొహమాటానికి మనమందరం ఇప్పటికీ ట్యాబులు కొడుతుండాం.

ఇదంతా ఎవరో కుట్ర చేసి పెట్టింది కాదు. ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో కాలంలో ఒక్కో మనిషి రాసుకున్నాడు, తన ప్రోగ్రామ్‌కి ఏ రకంగా చదువుకోవడం సులువో ఆ రకంగా ఫైలు పెట్టుకున్నాడు, పక్కోడి ఫైలుతో వానికి పని లేదు.

దీన్ని సరిచేద్దామని ఎన్ని దావల్లో పోయినారో చూడండి. ఐబీఎం వాళ్ల యూనిక్స్ ఏఐఎక్స్‌లో ఓడీఎం అని డేటాబేస్ పెట్టినారు, డివైసుల వివరాలు దాంట్లోకి పోయినాయి గానీ, యూజర్ల సెక్యూరిటీ సెట్టింగులు మాత్రం టెక్స్ట్ ఫైళ్లలోనే ఉండిపోయినాయి. గ్నోమ్ డెస్క్‌టాప్ వాళ్లు మొదట జీకాన్ఫ్ తెచ్చినారు, అది ఎక్స్‌ఎంఎల్, 2011లో గ్నోమ్ 3 వచ్చేటప్పటికి దాన్ని తీసేసి డీకాన్ఫ్ పెట్టినారు, అది బైనరీ. అన్నిటికంటే మీ ఆలోచనకు దగ్గరగా పోయింది మాత్రం 2004లో లినక్స్ రిజిస్ట్రీ అనే పేరుతో మొదలైన ప్రాజెక్టు, తర్వాత ఎలెక్ట్రా అని పేరు మార్చుకుంది. మీరు రాసిన ఉత్తరంలో ఉండే ప్రతి మాటా వాళ్లు ముందే అన్నారు, చెట్టు మాదిరి పేర్లు, ఒకే ఏపీఐ, అన్ని భాషల నుంచి వాడుకునే వీలు, అన్నీ. ప్రాజెక్టు బాగుంది, చదవండి తప్పకుండా. కానీ ఇంజినెక్స్ వాళ్లు గానీ ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లు గానీ తమ ఫైలు తీసేసి దీంట్లోకి రాలేదు.

ఎందుకు రావాల చెప్పు? ఆదోని మార్కెట్ యార్డులో పది మంది కమీషన్ ఏజెంట్లకు రేపటి నుంచి అందరూ ఈ ఒకే రకం పుస్తకంలో లెక్కలు రాయండి అని పంచినామనుకో, నవ్వుతూ తీసుకుంటారు, సాయంత్రం కూచొని మళ్లీ తమ పాత పుస్తకంలోనే రాసుకుంటారు, ఇప్పుడు లెక్క రెండు చోట్ల ఉంటాది, రెండూ కలవవు. మీ డేటాబేస్‌కీ అదే జరుగుతాది. ప్రోగ్రామ్ తన ఫైలునే చదువుతాది, మీ డేటాబేస్ రెండో కాపీ అవుతాది, ఎవరో రాత్రి పన్నెండు గంటలకు సర్వర్ పడిపోతే డైరెక్టుగా అసలు ఫైలు తెరిచి మార్చేస్తారు, ఇంగ ఏది నిజమో ఎవరికీ తెలియదు.

సరే అందరూ బుద్ధిగా ఒప్పుకొని మీ జేసన్‌లోకి వచ్చేసినారే అనుకుందాం, అప్పుడైనా కష్టం తీరుతుందా? తీరదు, ఎందుకంటే కష్టం సింటాక్స్‌లో రవంతే ఉంది. ఉబుంటు సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ తీసుకో. మెయిన్ ఫైలు పైభాగంలోనే ఇంక్లూడ్ లైను ఉంటాది, పక్కనుండే, పేరు చివర డాట్ డీ (.d) ఉండే ఫోల్డర్లో ఫైళ్లను వరసగా చదువుతాది. క్లౌడ్ సర్వర్ అయితే అక్కడ 50 నంబరుతో సర్వర్ మొదటిసారి లేచేటప్పుడు సెట్ చేసే క్లౌడ్ ఇనిట్ పెట్టిన ఫైలు ఒకటి ఉండి, పాస్‌వర్డ్ లాగిన్‌కి యెస్ అని దాంట్లో రాసి ఉండొచ్చు. నువ్వు 99 నంబరుతో ఇంకో ఫైలు పెట్టి నో అని రాస్తావు, చివర రాసిందే కదా గెలిచేది అనుకుంటావు, గెలవదు, ఎస్‌ఎస్‌హెచ్ మొదట కనబడిన విలువనే పట్టుకొని తర్వాత వచ్చినవాటిని వదిలేస్తాది. అదే సర్వీసులు లేపే సిస్టమ్‌డీలో, కెర్నల్ సెట్టింగుల సిస్‌సీటీఎల్‌లో చివర రాసిందే నిలుస్తాది. తలుపు మూసేసినా అనుకొని పడుకుంటావు, తలుపు బార్లా తెరిచే ఉంటాది. ఈ ప్రోగ్రాములన్నిటికీ జేసన్ తొడిగినా, ఎక్స్‌ఎంఎల్ తొడిగినా ఈ తేడా అట్లనే ఉంటుంది. నిజంగా ఏ విలువ పనిచేస్తాందో చూడాలంటే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎస్‌ఎస్‌హెచ్‌డీకి పెద్ద టీ (-T) ఆప్షన్ ఉంది, మొత్తం లెక్క తేల్చి చూపిస్తాది. ఇట్లాంటి ఆప్షన్ ప్రతి ప్రోగ్రాములోనూ ఉంటే మీ ప్రాజెక్టు అవసరమే ఉండదు, నా లెక్కలో ఒకే ఫార్మాట్ కంటే ఇదే పెద్ద వరం.

మరి ఒకే కాన్ఫిగ్ యాడా గెలవలేదా అంటే గెలిచింది, మొత్తం పెట్టె ఒకరి చేతిలో ఉండే చోట గెలిచింది. జూనిపర్ రౌటర్ల జూనోస్ చూడండి, లోపల ఉండేది ఫ్రీబీఎస్‌డీ పునాది మీద కట్టిన యూనిక్సే, కానీ వాడేవాడికి కాన్ఫిగ్ అంతా ఒకే చెట్టు. మార్పులు ముందు ఒక ముసాయిదాలో చేస్తావు, కమిట్ చెక్ అంటే తప్పులుంటే చెప్తాది, కమిట్ కన్‌ఫర్మ్‌డ్ అని కొడితే మార్పు అమల్లోకి వస్తాది గానీ 10 నిమిషాల్లోపు మళ్లీ సరే అనకపోతే తనంతట తానే పాతదానికి పోతాది. కర్నూలులో కూచొని ఎక్కడో దూరంగా ఉండే రౌటర్‌కి ఫైర్‌వాల్ రూలు మార్చి, ఆ రూలు వల్లే నీ కనెక్షన్ తెగిపోయిందనుకో, బస్సెక్కి పోవాల్సిన పని లేదు, పది నిమిషాలు ఓపిక పడితే అదే దారికొస్తాది. పాత కాన్ఫిగ్‌లు 49 దాకా వెనక్కి పోవచ్చు. ఓపెన్‌వర్ట్ రౌటర్లలో యూసీఐ కూడా చిన్న స్థాయిలో అట్లాంటిదే. నిక్స్ ఓఎస్ ఇంగా ముందుకు పోయింది, మొత్తం మిషన్ ఎట్ల ఉండాలో ఒకే చోట రాస్తే మిగతాదంతా అదే తయారు చేస్తాది, కొత్తది చెడిపోతే బూట్ మెనూలో పాతది ఎంచుకొని లేపుకోవచ్చు.

ఓపెన్‌వర్ట్, నిక్స్ ఓఎస్ రెండిట్లోనూ ఒక తెలివి గమనించండి. నెట్‌వర్క్ పేర్లు చూసే డీఎన్ఎస్‌మాస్క్ వాళ్ల దగ్గరికో, ఇంజినెక్స్ వాళ్ల దగ్గరికో పోయి మీ ఫార్మాట్ మార్చుకోండయ్యా అని ఎవరూ బతిమాలలేదు. పైన తమ ఫార్మాట్‌లో రాసుకొని, ఆయా ప్రోగ్రామ్‌కి కావాల్సిన సొంత ఫైలును దాంట్లోంచి పుట్టించి ఇస్తారు. సొంత ఫైలు ఇక్కడ చేత్తో ముట్టుకునేది కాదు, పుట్టించేది.

మీ సార్‌కి చెప్పడానికి ఇంకో దావ కూడా ఉంది. ఇది ఏ డిస్ట్రో (లినక్స్ రకం) అని తెలుసుకోవాలంటే ఒకప్పుడు రెడ్‌హ్యాట్‌లో ఒక ఫైలు, డెబియన్‌లో ఒకటి, సూసెలో ఇంకొకటి చూడాల్సి వచ్చేది, కంప్యూటర్ పేరు కూడా తలా ఒక చోట రాసేవాళ్లు. సిస్టమ్‌డీ వాళ్లు ఓఎస్ రిలీజ్ అని ఒక చిన్న ఫైలు, హోస్ట్‌నేమ్ అని ఒక చిన్న ఫైలు ఖాయం చేసినారు, ఇప్పుడు దాదాపు అందరూ వాడుతుండారు. సిస్టమ్‌డీని తిట్టేవాళ్లు మన సీమలో కూడా ఉండారు, ఉండనీ, ఈ పని మాత్రం బాగా చేసినారు. అంత చిన్నగా ఉండబట్టే ఒప్పుకున్నారు.

కాబట్టి మీ నలుగురూ చేయాల్సింది ఏందంటే ప్రపంచం మొత్తం వద్దు, నాలుగు సర్వీసులు తీసుకోండి, ఇంజినెక్స్, ఎస్‌ఎస్‌హెచ్, మెయిల్‌కి పోస్ట్‌ఫిక్స్, ఫైళ్లు పంచుకోడానికి సాంబా అనుకోండి. ప్రతి సెట్టింగుకూ పేరు, రకం, డిఫాల్ట్ విలువ, రెండు ముక్కల్లో వివరం ఉండే స్కీమా రాయండి, ప్రాజెక్టు బరువంతా దీంట్లోనే ఉంది, రాయడానికి విసుగు పుడతాది, అయినా రాయండి. దాంట్లోంచి సొంత ఫైలు పుట్టించండి, పుట్టించినాక అమలు చేసే ముందు ఆ ప్రోగ్రామ్ సొంత చెకింగ్ టూల్‌తోనే చూపించండి, ఇంజినెక్స్‌కి చిన్న టీ (-t) ఆప్షన్, సాంబాకి టెస్ట్‌పార్మ్, ఇట్ల ఉండనే ఉండాయి. ఫైలు రాసేటప్పుడు నేరుగా అసలు ఫైలు మీద రాయొద్దు, అదే ఫోల్డర్లో పక్కన ఇంకో ఫైలు రాసి, ఎఫ్‌సింక్ చేసి (డిస్కు మీద నిజంగా పడేదాకా ఆగి), రీనేమ్ చేయండి. రీనేమ్ అయితే పూర్తిగా అవుతాది, లేకపోతే అవ్వనే అవ్వదు. మధ్యలో కరెంటు పోతే సగం రాసిన ఫైలుతో సర్వర్ లేచే ప్రమాదం ఉండదు, ఎండాకాలం మన కరెంటు సంగతి మీకు నేను చెప్పాల్నా. చివరగా జూనిపర్ వాళ్ల పది నిమిషాల తంత్రం పెట్టండి, డెమో రోజు కావాలనే ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు చెడగొట్టి అది తనంతట తానే లేవడం చూపించండి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మార్కులు వేయకపోతే నన్నడగండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు, అందరూ ఆధారపడే డీమన్ (వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్). ఎఫ్‌స్టాబ్ చదవందే డిస్కులు మౌంటు కావు, డిస్కు మౌంటు కాందే మీ డేటాబేస్ లేవదు, ఇంగ ఎవరు ముందు? సిస్టమ్ చెడిపోయి రెస్క్యూ మోడ్‌లో కూచున్నోడి చేతిలో ఉండేది వీఐ ఎడిటర్ ఒక్కటే, వానికి టెక్స్ట్ ఫైలు కనబడాల. ఇంగ, మనుషులు చేత్తో రాసుకున్న ఫైళ్లను, వాటిలో ఉండే కామెంట్లు చెడగొట్టకుండా ప్రోగ్రామ్‌తో మార్చాలని ఉంటే ఆగియస్ చూడండి, ఫైలును చెట్టుగా చదివి, మార్చిన చోటు తప్ప మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే తిరిగి రాస్తాది, దాని లెన్స్‌ల (ఫైలును చెట్టుగా, చెట్టును మళ్లీ ఫైలుగా మార్చే వర్ణనల) ఆలోచన మీ రిపోర్టులో ఒక చాప్టర్‌కి సరిపోతాది.

ప్రశ్న: విండోస్‌లో సెట్టింగులు ఒకేచోట దాచే రిజిస్ట్రీ ఉండనే ఉంది, ముప్పై ఏళ్లుగా నడుస్తాంది. లినక్స్ వాళ్లకు అది పెట్టుకోడానికి ఏం రోగం? (కంప్యూటర్ సర్వీసింగ్ షాపు, ప్రొద్దుటూరు)

జవాబు: రోగం కాదులేన్నా, భయం. రిజిస్ట్రీ 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలై విండోస్ 95 నాటికి అంతా తానే అయ్యింది. దాంట్లో మంచి లేదని నేను అనను, విలువలకు రకాలుండాయి, ఒక్కో కీకి ఎవరు మార్చొచ్చో ఎవరు మార్చకూడదో పెట్టొచ్చు, వంద కంప్యూటర్లుండే ఆఫీసులో గ్రూప్ పాలసీతో ఒక్కచోట కూచొని అన్నిటికీ పంపొచ్చు, లినక్స్‌లో అంత సులువుగా ఆ పని ఇప్పటికీ కాదు. కానీ నీ షాపుకొచ్చే మిషన్లను నువ్వే చూసింటావు, సాఫ్ట్‌వేర్ తీసేసినా దాని కీలు అట్లనే వేలాడుతుంటాయి, ఆ ఫైళ్లు చెడిపోతే విండోస్ లేవను కూడా లేవదు, ఈ విలువ ఎందుకు 1 పెట్టినామో పక్కన ఒక కామెంటు రాసుకునే వీలు లేదు. పైగా రిజిస్ట్రీ చోటు ఇస్తాది గానీ అర్థం ఇవ్వదు. ఎవరో చెప్పినారని ఏదో కీలో 0 తీసి 1 పెడతాం, దానర్థం ఆ ప్రోగ్రామ్ రాసినోడికే ఎరుక. అందుకే విండోస్‌లో కూడా ఇప్పుడొచ్చే ప్రోగ్రాములు చానావరకు యాప్‌డేటా ఫోల్డర్లో తమ జేసన్ ఫైలు తామే పెట్టుకుంటుండాయి, చూసుకో.

ప్రశ్న: సార్, మా కాలేజీ ల్యాబులో మిషన్లన్నీ ఉబుంటు. నెట్ ప్రాక్సీ (నెట్‌కు పోయే దారి మధ్యలో ఉండే సర్వర్) అడ్రస్ మారిందని సెట్టింగ్స్‌లో మార్చినాం, బ్రౌజర్ పనిచేస్తాంది, అప్‌డేట్ మాత్రం రావడం లేదు, టెర్మినల్‌లో ఒకటి పనిచేస్తే ఇంకొకటి చేయదు. ప్రతి మిషన్ దగ్గరా ఇదే తంతు. పైగా పిల్లలు వాల్‌పేపర్లు, ప్రాక్సీ మార్చేస్తారు. అప్‌డేట్ చేసేటప్పుడు పాత ఫైలు ఉంచాలా కొత్తది పెట్టాలా అని అడుగుతాది, అది కూడా చెప్పండి. (ల్యాబ్ ఇన్‌చార్జి, కర్నూలు)

జవాబు: మేడమ్, పైన కడప పిల్లోళ్లు అడిగినదానికి మీ ప్రాక్సీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒక్క అడ్రస్సే, కానీ మూడు చోట్ల రాయాల. గ్నోమ్ సెట్టింగ్స్‌లో పెట్టింది డీకాన్ఫ్‌లోకి పోతాది, దాన్ని చదివేది ఫైర్‌ఫాక్స్ లాంటివి. అప్‌డేట్లు తెచ్చే ఆప్ట్‌కి స్లాష్ ఈటీసీలో ఆప్ట్ కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్ కింద తన సొంత లైను కావాల. టెర్మినల్ ప్రోగ్రాములు హెచ్‌టీటీపీ ప్రాక్సీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తాయి, దాంట్లోనూ చిన్నక్షరాలా పెద్దక్షరాలా అనే పేచీ ఉంది, డౌన్‌లోడ్ టూల్ కర్ల్ ఈ ఒక్కదాన్ని చిన్నక్షరాల్లో ఉంటేనే పట్టించుకుంటాది. మీరు ఆ వేరియబుల్ పెట్టి సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టినా రాదు, ఎందుకంటే సుడో మామూలుగా మీ వేరియబుల్స్ చానావరకు తుడిచేసి రూట్‌గా (అన్ని అధికారాలుండే యూజర్‌గా) మారుతాది. మీ మిషన్లలో తప్పేం లేదు, ప్రాక్సీ అంటే ఏందో ముగ్గురు వేరే వేరేగా అనుకున్నారు, అంతే.

ప్రతి మిషన్ దగ్గరికీ పోయే పని మానేయండి. చానా మిషన్లను ఒకేచోటి నుంచి సెట్ చేసే ఆన్సిబుల్ నేర్చుకోండి, 2012 నుంచి ఉంది, లక్ష్యంగా ఉండే మిషన్లలో పైథాన్, ఎస్‌ఎస్‌హెచ్ ఉంటే చాలు, వేరే ఏజెంటు వేయక్కరలేదు. ప్రాక్సీ అడ్రస్ ఒక్క వేరియబుల్‌గా ఒకచోట రాసి, ఆ మూడు చోట్లకూ మూడు టెంప్లేట్లు పెట్టుకుంటే మళ్లీ అడ్రస్ మారినప్పుడు ఒక్క లైను మార్చి పరిగెత్తించడమే. ముందు చెక్, డిఫ్ ఆప్షన్లతో నడిపి ఏమేం మారబోతాందో చూసుకోండి. టెంప్లేట్‌లో వ్యాలిడేట్ అని ఒక గడి ఉంది, ఎవరు సుడో వాడొచ్చో రాసే సుడోయర్స్ లాంటి ఫైలు మార్చేటప్పుడు అక్కడ విసుడో చెకింగ్ పెడితే తప్పు ఫైలు మిషన్‌లోకి పోనే పోదు. ఈ టెంప్లేట్ల బతుకు నాకు అంత నచ్చదు, ఫైలు అర్థం తెలియకుండా ఉత్త అక్షరాలు అతికించే పని అది, కానీ ల్యాబుకు ఇంతకంటే అందుబాటులో ఉండేది లేదు.

పిల్లల సంగతికి డీకాన్ఫ్ లాకులుండాయి. ఈటీసీ కింద డీకాన్ఫ్ ఫోల్డర్లో సిస్టమ్ డేటాబేస్‌కి ఒక కీఫైలు, పక్కన లాక్స్ అనే ఫోల్డర్లో తాళం వేయాల్సిన కీల పేర్లు రాసి, ప్రొఫైల్ ఫైల్లో ఆ డేటాబేస్‌ని చేర్చి, డీకాన్ఫ్ అప్‌డేట్ కొట్టండి. వాల్‌పేపర్‌కి లాకు వేసేటప్పుడు మామూలు కీతో పాటు డార్క్ థీమ్‌ది కూడా వేయండి, కొత్త గ్నోమ్‌లో రెండూ వేరు, పిల్లోళ్లు ఆ సందు కనిపెట్టడానికి ఒక పీరియడ్ పట్టదు.

అప్‌డేట్‌లో వచ్చే ఆ ప్రశ్న ఊరికే రాదు. ఆ ఫైలును మీరు మార్చి ఉండాల, ప్యాకేజీ వాళ్లు కూడా కొత్త వెర్షన్‌లో మార్చి ఉండాల, అప్పుడే అడుగుతాది. ఎంటర్ కొడితే మీదే ఉంచుతాది, కొత్తదాన్ని పక్కన డీపీకేజీ డిస్ట్ అనే తోకతో పెడతాది. డీ కొడితే తేడాలు చూపిస్తాది, రెండు నిమిషాలు అది చదవండి. అసలు ఈ ప్రశ్నే రాకుండా ఉండాలంటే మెయిన్ ఫైలు ముట్టుకోకుండా, డాట్ డీ ఫోల్డర్ ఉన్న ప్రోగ్రాములకు మీ మార్పులు అక్కడ వేరే ఫైల్లో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. ఎట్‌కీపర్ కూడా వేసుకోండి, ఈటీసీ మొత్తాన్ని మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టి ఆప్ట్ నడిచినప్పుడల్లా తనే కమిట్ చేస్తాది, ఎవరు ఏం కెలికినారో తెలుస్తాది.

ప్రశ్న: అన్నా, మా నాయన చేనులో డ్రిప్ మోటారుకు రాస్‌ప్‌బెర్రీ పై పెట్టి టైమర్ ప్రోగ్రామ్ పైథాన్‌లో రాసినా. కాన్ఫిగ్ యామెల్ అనే ఫార్మాట్‌లో పెట్టినా, ఆన్ అని ఒక లైను, దానికి 06:00, ఆఫ్ అని ఇంకో లైను, దానికి 10:30. ప్రోగ్రామేమో ఆన్ అనే కీ లేనే లేదంటాది. కండ్ల ముందర కనబడతాంటే లేదంటాదేందన్నా? (అనంతపురం)

జవాబు: అది అబద్ధం చెప్పడం లేదు తమ్ముడూ, దానికి నిజంగానే కనబడలేదు. పైథాన్ లైబ్రరీ పైయామెల్ చదివేది యామెల్ 1.1 పద్ధతి, దాంట్లో ఆన్, ఆఫ్, యెస్, నో అనే మాటలన్నీ ట్రూ, ఫాల్స్ కిందికి మారిపోతాయి, కీ అయినా సరే మారిపోతాది. కాబట్టి నీ దగ్గర ఉండేవి ట్రూ అనే కీ, ఫాల్స్ అనే కీ. ఇంగ నీకు తెలియని ఇంకో గండం చెప్తా విను, 10:30 అని రాసినావే, అది టైము కాదు, 630 అనే అంకె అయిపోయింది, పాత యామెల్‌లో కోలన్ పెట్టిన అంకెలు అరవైల లెక్కన గుణించేస్తాది. మరి 06:00 ఏమైంది? సున్నాతో మొదలైంది కాబట్టి ఆ రూలుకు తగలక అక్షరాలుగానే మిగిలిపోయింది. ఒకే ఫైల్లో పొద్దున టైము స్ట్రింగు, ఎండపూట టైము అంకె! నార్వే దేశం కోడు ఎన్ఓ అని రాస్తే ఫాల్స్ అయిపోయే కథ కూడా ఇదే, వెర్షన్ 3.10 అని రాస్తే 3.1 అయిపోయేది కూడా ఇట్లాంటిదే. 2009లో వచ్చిన యామెల్ 1.2లో ఆన్ ఆఫ్‌ల పిచ్చి, అరవైల లెక్క తీసేసినారు గానీ, లైబ్రరీలన్నీ మారలేదు. ప్రస్తుతానికి కీలకూ టైములకూ రెండిటికీ కోట్స్ పెట్టు, మోటారు తిరుగుతాది.

నా మాట వింటే మాత్రం టోమెల్ ఫార్మాట్‌కి మారు. 2013లో గిట్‌హబ్ పెట్టినవాళ్లలో ఒకడైన టామ్ ప్రెస్టన్ వెర్నర్ మొదలుపెట్టినాడు, స్ట్రింగ్ అంటే కోట్స్ ఉండాల్సిందే అని మొండిగా కూచుంటాది, ఆ మొండితనమే మనకు కావాల్సింది. పైథాన్ 3.11 నుంచి చదివే లైబ్రరీ దాంతోనే వస్తాది. జేసన్ వద్దా అంటే, మీ నాయన చేత్తో తెరిచే ఫైలు అది, ఇది ఎందుకు పెట్టినామో కామెంటు రాసుకోవాల, జేసన్‌లో కామెంటుకే చోటు లేదు.

ఫార్మాట్ కంటే ఇంకో రెండు పనులు ముఖ్యం. డిఫాల్ట్, తర్వాత ఈటీసీ ఫైలు, తర్వాత యూజర్ ఫైలు, తర్వాత ఎన్విరాన్‌మెంట్, చివరికి కమాండ్ లైన్, ఈ వరసలో తర్వాత వచ్చేది ముందుదాన్ని కొట్టేయాల, చానా ప్రోగ్రాములు ఇట్లనే పోతాయి కాబట్టి నువ్వు వేరే వరస కనిపెట్టొద్దు. గిట్‌లో షో ఆరిజిన్ అని ఆప్షన్ ఉంది, ఏ విలువ ఏ ఫైలు నుంచి వచ్చిందో చెప్తాది, అట్లాంటిది నీ ప్రోగ్రామ్‌లో కూడా పెట్టు, పది లైన్ల పని. రెండోది, తెలియని కీ కనబడితే ఊరికే వదిలేయకుండా అరవాల. ఆన్ టైమ్ అని రాయబోయి స్పెల్లింగు తప్పు రాస్తే నీ ప్రోగ్రామ్ గమ్మున డిఫాల్ట్ తీసుకొని పోతే చెట్లు ఎండిపోయేదాకా ఎవరికీ తెలియదు. ఇంగ నడుస్తాండగా ఫైలు మళ్లీ చదివే ఏర్పాటు చేస్తే, కొత్తది మొత్తం చదివి సరిగ్గా ఉందని తేలినాకనే పాతదాన్ని వదలాల, తప్పుంటే లాగ్‌లో రాసి పాతదాంతోనే నడపాల. మోటారు మధ్యలో ఆగిపోతే మీ నాయన నీకు ఫోన్ చేసి మాట్లాడే భాష యామెల్ కంటే ఘోరంగా ఉంటాది.

ప్రశ్న: నాకు వీఐ రాదు, నానోతో కాన్ఫిగ్ ఫైళ్లు మార్చితే తప్పా? (తాడిపత్రి)

జవాబు: ఏం తప్పు లేదు. సుడోయర్స్ ఫైలు ఒక్కటి మాత్రం నేరుగా తెరవొద్దు, విసుడో అని కొట్టి తెరువు. పేరులో వీఐ ఉందని భయపడాకు, ఉబుంటులో అది మామూలుగా నానోనే తెరుస్తాది, సేవ్ చేసేటప్పుడు తప్పుంటే పట్టుకొని ఏం చేయమంటావు అని అడుగుతాది. అప్పుడు ఇంగ్లీషు చిన్న ఈ (e) అక్షరం కొడితే మళ్లీ ఫైల్లోకి పోయి దిద్దుకోవచ్చు, క్యూ పెద్దక్షరం కొడితే తప్పుతోనే సేవ్ అవుతాది, ఆ క్యూ జోలికి మాత్రం పోవద్దు.